నాలుగు లక్షల బ్యాగు

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఇంద్రాణి తన ఫోను తెచ్చి నా మొహం ముందర పెట్టింది. నేను పళ్ళు తోముకుంటా ఉండాను, నోటి నిండా నురగ, కంటికి అద్దాలు లేవు, అయినా ఆ ఎర్ర అక్షరాలు కనపడనే కనపడినాయి. హాస్టల్ రెన్యువల్: వద్దు. కొట్టింది ఆదివారం, టైము 11.40.

"ఇది నేను కొట్టలేదు నమితా."

నురగ ఉమ్మేసి అడిగినాను. "మరి ఎవురు కొట్టినారు?"

"తెలిస్తే నీ దగ్గరికి ఎందుకు వస్తాను?"

నా దగ్గరికే ఎందుకంటే, మేమిద్దరం ఒకే రూము, ఇంకోటి నేను కాలేజీ సైబర్ క్లబ్ సెక్రటరీ. క్రిష్ణగిరిలో మా కాలేజీలో ప్రతి ఒక్కరికీ ఒక స్టూడెంట్ అకౌంట్ ఉంటాది. రోల్ నంబరు, ఆరంకెల పిన్, ఆ రెండూ కొడితే చాలు, హాజరు, మార్కులు, హాల్ టికెట్టు, మెస్సు, హాస్టలు, గేటు దాటి బయటికి పోయే అవుటింగు, అన్నీ దాంట్లోనే. ఆ పిన్ ఎట్ల కాపాడుకోవల్లో ఫస్టియర్ వాళ్ళకి క్లాసు పీకింది నేనే. లైబ్రరీ ముందర ఇంత పెద్ద ఫ్లెక్సు కట్టించింది నేనే. "అమ్మకి చెప్పొద్దు, నాన్నకి చెప్పొద్దు, ఫ్రెండుకి అసలే చెప్పొద్దు" అని ఎర్ర రంగులో. దాని కింద నా పేరు, నా ఫోటో. ఫోటో బాగా వచ్చింది కూడా.

కాబట్టి నాకు భయం వెయ్యలేదు, నిజం చెప్పల్లంటే ఒక రకమైన హుషారు వచ్చింది. దొంగ! మా హాస్టల్లో దొంగ! నేను పట్టుకుంటాను!

ఇంద్రాణి మొహం చూసినాక హుషారు దిగింది. ఆమె ఊరు అంచెట్టి దాటి ఇంకా లోపలికి, కొండల్లో. రోజుకి రెండే బస్సులు. పొద్దున బస్సు ఎక్కితే ఈడికి చేరేసరికి మధ్యాన్నం క్లాసులు కూడా మొదలైపోయి ఉంటాయి. వాళ్ళ నాన్న లేడు. అమ్మ మారియమ్మ గులాబీ తోటలో పూలు కోసే పనికి పోతాది, చేతుల నిండా ముళ్ళ గీతలు. బయట రూము తీసుకునే పరిస్థితి లేదు. హాస్టల్ లేదంటే ఇంద్రాణికి కాలేజీ లేదు, అంతే.

రెన్యువల్ ఆ రోజు సాయంత్రం నాలుగుకి క్లోజు.

వార్డెన్ పుష్పవతి మేడం దగ్గరికి పరిగెత్తినాం. ఆమె టిఫిను డబ్బా మూత పెడతా వినింది. వినేసి, "పిన్ కొట్టినారంటే సంతకం పెట్టినట్లేమ్మా," అనింది.

"ఎవురో దొంగతనంగా కొట్టినారు మేడం," అన్నాను నేను.

"అయితే రాసి తెండి. ఎవురు కొట్టినారు, పిన్ వాళ్ళకి ఎట్ల తెలిసింది, ఎందుకు కొట్టినారు. మూడూ ఉండల్ల. నాలుగు లోపల తెస్తే సీటు నిలబెడతాను. లేదంటే వెయిటింగ్ లిస్టులో మొదటి పాపకి పోతాది, నా చేతిలో ఏమీ లేదు."

"మొదటి పాప ఎవురు మేడం?"

మేడం లిస్టు చూసింది. "లక్ష్మీప్రియ."

ఆ పేరు వినంగానే నా బుర్రలో బల్బు వెలిగింది. లక్ష్మీప్రియ మా క్లాసే, టౌనులో పేయింగ్ గెస్ట్‌గా ఉంటాది, ఆడ నీళ్ళు రావని రోజూ ఏడుస్తాది. ఆమె పెద్దమ్మ కొడుకు కేశవ్. కేశవ్ మా క్లాస్ రెప్రజెంటేటివ్. ఎగ్జాం ఫారాలు నింపేటప్పుడు అందరి రోల్ నంబర్లూ పిన్‌లూ ఒక నోటు బుక్కులో రాయించుకోని వాడే కూర్చోని కొట్టేస్తాడు, అందరూ సంతోషంగా ఇచ్చేస్తారు, నా క్లాసు విన్నవాళ్ళు కూడా. చెల్లెలికి సీటు కావల్ల, చేతిలో అందరి పిన్‌లు. ఇంకేం కావల్ల?

"కేశవే," అన్నాను మెట్లు దిగతా.

"కేశవ్ అట్లాంటోడు కాదు," అనింది ఇంద్రాణి.

"నువ్వు అందరినీ నమ్ముతావు. అదే నీ ప్రాబ్లం."

కేశవ్ క్యాంటీన్‌లో పొంగల్ తింటా దొరికినాడు. పక్కనే లక్ష్మీప్రియ కాఫీ ఊదుకుంటా ఉండాది. నాకు అది కూడా అనుమానంగానే కనపడింది. ఇద్దరూ ఒకే బల్లకాడ, పొద్దున్నే, ఇదే రోజు!

"నోటు బుక్కు తీ," అన్నాను.

"గుడ్ మార్నింగ్ లేదు, ఏమీ లేదు. ఏం నమితా, రెయిడా?"

"ఆదివారం పదకొండు నలభైకి యాడ ఉండావు?"

వాడు చెంచా కింద పెట్టి లక్ష్మీప్రియ మొహం చూసినాడు. ఆమె నవ్వింది. "ఊత్తంగరైలో మా మామ పెండ్లి. అరటాకులు పరిచేది వీడే. వీడియో ఉండాది, చూస్తావా? సాంబారు నా చీర మీద పోసినాడు."

వీడియో చూపించింది. సాంబారు కూడా కనపడింది. అయినా నాకు నమ్మకం కలగలేదు. ఫోన్ నుంచి కొట్టేదానికి ఊత్తంగరై అయితే ఏమి, యాడైతే ఏమి? బుక్కు తీయమన్నాను. తీసినాడు. నలభై రెండు పేర్లు, పేరు పక్కన పిన్. ఇంద్రాణి పేరు పక్కన ఖాళీ.

"ఆమె ఎప్పుడూ ఇయ్యలేదు నాకు. తనే వచ్చి కొట్టుకుంటాది," అన్నాడు కేశవ్. "సైబర్ క్లబ్‌లో నీ మాట విన్నది ఆమె ఒక్కతే. సరేగానీ, లాగిన్ హిస్టరీ చూసినారా?"

"అదేంటిది?"

అనేసినాను, వెనక్కి తీసుకునే లోపల వినపడిపోయింది.

"సెక్రటరీకి లాగిన్ హిస్టరీ తెలీదంట!" అనింది లక్ష్మీప్రియ కప్పులోకి నవ్వతా.

కేశవ్ ఇంద్రాణి ఫోను తీసుకోని మెనూలో యాడో లోపలికి పోయి, ఇంకా లోపలికి పోయి, చూపించినాడు. ఆదివారం 11.31, మొబైల్, హోసూరు. ఆదివారం 11.40, మొబైల్, హోసూరు.

మా ఇల్లు హోసూర్లో. బజారు వీధిలో మా బట్టలంగడి, పైన మేడ మీద ఇల్లు. నిన్న ఆదివారం నేను యాడ ఉండానో అందరికీ తెలుసు, ఇన్‌స్టాలో పెట్టినాను గదా, అమ్మ చేసిన మజ్జిగ పులుసుతో సహా.

"ఇంద్రాణి పిన్ ఇంకెవురికి తెలుసు?" అడిగినాడు కేశవ్, మెల్లగానే.

ఇంద్రాణి నేల చూసింది. "నమితకి."

"ఎవురికీ చెప్పొద్దని ఫ్లెక్సు కట్టిన నమితకా?" అనింది లక్ష్మీప్రియ.

"నిన్న ఇంద్రాణి కూడా హోసూర్లోనే ఉండాది!" అన్నాను గట్టిగా. క్యాంటీన్‌లో అందరూ మా వైపు తిరిగినారు. "నాకేం పని, నా రూమ్మేట్‌ని నేనే తరుముకుంటానా?"

ఇంద్రాణి తన ఫోను కేశవ్ చేతిలోనించి తీసుకోని స్క్రీన్ ఆర్పేసింది. నేను పక్కనే ఉండగా ఆమె ఎప్పుడూ స్క్రీన్ ఆర్పలేదు. రూములో మాకు అన్నీ ఉమ్మడే, షాంపూ, చార్జరు, ఊరగాయ, అవుటింగులు, పాస్‌వర్డులు.

లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాం, నా ఫ్లెక్సుకి ఎదురుగా. పదకొండైపోయింది. నా ఫోటో నన్నే చూస్తా ఉండాది.

"నేను కాదే," అన్నాను.

"నువ్వని నేను అన్నానా?"

"అనలేదు. కానీ అనుకుంటా ఉండావు."

బ్యాగు ఒళ్ళో పెట్టుకోని జిప్పు అటూ ఇటూ లాగుతా ఉండాది. ఆ జిప్పుకి దారంతో కట్టిన చిన్న అట్టముక్క చీటీ అటూ ఇటూ ఊగుతా ఉండాది. ఆ చీటీని చూస్తా చూస్తా ఉండాను, అప్పుడు తట్టింది.

ఆ చీటీ నేను కట్టిందే.

ఏమంటే, మా కాలేజీలో సెమిస్టర్‌కి ఒకసారి పిన్ మార్చల్ల. ఇంద్రాణి కొత్త పిన్ రెండుసార్లు మరిచిపోయి అకౌంట్ లాకైపోయింది, ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఏడిచింది. అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. మా అంగట్లో చీరల చీటీ మీద అమ్మే ధర అంకెల్లో ఉంటాది, కొన్న ధర మాత్రం అక్షరాల్లో ఉంటాది. పది అక్షరాల మాట ఒకటి ఉంది, మా తాత కాలం నుంచి, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. బేరం ఆడే వాళ్ళ ముందరే చీటీ తిప్పి చూసి ఎంతకి దిగొచ్చో తెలుసుకుంటారు, కొనేవాళ్ళకి ఏమీ అర్థం కాదు. దాన్ని గుట్టు మాట అంటారు మా ఇంట్లో. ఆ మాట ఏంటిదో చెప్పను, మా నాన్న నన్ను ఇంట్లోకి రానియ్యడు. నేను ఇంద్రాణికి ఆ పది అక్షరాలూ నేర్పించి, ఆమె పిన్‌ని ఆరు అక్షరాలుగా అంగడి చీటీ మీద రాసి, బ్యాగు జిప్పుకి కట్టినాను. ఎదురుగానే ఉంటాది, ఎవురూ చదవలేరు! నా తెలివికి నేనే మురిసిపోయినాను.

ఎవురూ చదవలేరు. మా అంగట్లో వాళ్ళు తప్ప.

నిన్న ఆ బ్యాగు మా అంగట్లోనే ఉండింది.

నిన్న జరిగింది మొత్తం మళ్ళీ తిప్పి చూసుకున్నాను. నేనూ ఇంద్రాణీ క్రిష్ణగిరి నుంచి పొద్దున బస్సుకి వచ్చినాం. ఇంటికి పోయేది అవుటింగు కిందికి రాదు, వార్డెన్ సంతకం చాలు. ఇంద్రాణి వాళ్ళ అమ్మ ఆ పక్క నుంచి బస్సెక్కి మా అంగడికి వచ్చింది, కూతుర్ని చూసుకోని, ఒక చీర కొనుక్కోని పోవల్లని. పదకొండుకి మేమిద్దరం మేడ మీదికి పోయినాం. మారియమ్మ మాత్రం "కిందనే కూర్చుంటాను, ఫ్యాను బాగుండాది" అనింది. బ్యాగు ఆమె పక్కనే పెట్టినాం. మధ్యాన్నం అందరం కలిసి అన్నం తిన్నాం. ఆమె నా పక్కనే కూర్చుంది. ఎక్కువ మాట్లాడలేదు. నేను ఎండకి వచ్చినందుకేమో అనుకున్నాను. బస్సెక్కించేటప్పుడు కూతురి తలకాయ మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. అదీ ఇప్పుడు అనుమానంగానే కనపడతా ఉండాది.

నాన్నకి ఫోన్ చేసినాను, స్పీకర్‌లో.

"నాన్నా, మన గుట్టు మాట ఎవురెవురికి తెలుసు?"

అవతల గిరాకీల సందడి ఆగింది. తలుపు వేసిన శబ్దం. "ఫోన్లో అడిగే మాటా అది? నీ పక్కన ఎవురుండారు?"

"ఎవురూ లేరు."

ఇంద్రాణి నా మొహం చూసింది. ఎంత సులభంగా వచ్చేసింది నాకు ఆ అబద్ధం.

"నాకు, మీ అన్న మహేంద్రకి, ఏళుమలైకి. మహేంద్ర సరుకు కోసం సేలం పోయినాడు రెండ్రోజులైంది. ఎందుకు అడుగుతా ఉండావు?"

చెప్పినాను. చీటీ సంగతి వరకే చెప్పినాను. మా నాన్న నరసింహయ్య మామూలుగా గట్టిగా మాట్లాడడు, గిరాకీలు భయపడతారని. ఆ రోజు అరిచినాడు.

"గుట్టు మాటని బ్యాగుకి కట్టి బస్సుల్లో తిప్పుతా ఉండావా? ఆ పాపకి నేర్పించినావా? ఇంకెంతమందికి నేర్పించినావు? ఇప్పుడు కొత్త మాట పెట్టల్ల, మూడు వేల చీరలకి చీటీలు మార్చల్ల! ఎవురు మారుస్తారు, నువ్వు వచ్చి మారుస్తావా?"

"మారుస్తాను నాన్నా. ముందు ఏళుమలై అన్నకి ఫోన్ ఇయ్యి."

ఏళుమలై మా అంగట్లో ఇరవై రెండేళ్ళుగా చీరలు పరుస్తా ఉండాడు. నేను పుట్టకముందు నుంచి. నేను లెక్కలు నేర్చుకుంది ఆయన మోకాలి మీద కూర్చోని. ఆయన్ని అనుమానించడం అంటే మా గోడని అనుమానించినట్లు. అయినా అనుమానించినాను.

"అన్నా, నిన్న నువ్వు ఇంద్రాణి అకౌంట్ తెరిచినావా?"

"తెరిచినాను నమితమ్మా," అన్నాడు. అంతే. దాచలేదు, తడబడలేదు.

"పిన్ నీకెట్ల తెలిసింది?" అన్నాను.

"దొంగతనంగా చూడలేదు తల్లీ. చీటీ కంటపడితే నేను చదవకుండా ఉండలేను, కన్ను అట్ల అలవాటైపోయింది. నాలుగు లక్షల డెబ్బైరెండు వేల నూట అరవై ఐదు. జిప్పు చినిగిపోయిన బ్యాగుకి! నవ్వొచ్చేసింది నాకు. 'ఏమక్కా, నీ కూతురు నాలుగు లక్షల బ్యాగు ఏసుకోని తిరుగుతా ఉండాదే' అన్నాను. మారియమ్మక్క నవ్వలేదు. 'అది ధర కాదప్పా, పాప కాలేజీ నంబరు. మీ నమిత పాప నేర్పించిందంట, మా పాప సంబరంగా చెప్పింది' అనింది. అని, తన ఫోను తీసి నా చేతిలో పెట్టింది."

"ఎందుకు?"

"మెసేజులు చదవమని. ఆమెకి చదవడం రాదు గదా. అందుకే ఒక్కటీ తీసెయ్యకుండా పెట్టుకోనుండాది. సిమ్ కంపెనీ మెసేజులు, కరెంటు మెసేజులు, అన్నీ. వాటి నడాన కాలేజీవి. 'మీ అమ్మాయి ఇన్ని గంటలకి హాస్టల్ నుంచి బయటికి వెళ్ళింది' అని. లెక్కపెట్టినాను. మూడు నెలల్లో ఏడు."

నా చెవులు వేడెక్కినాయి.

"అక్క ఇంకోసారి చదవమనింది. చదివినాను. 'ఆ రోజు నాకు రూములో ఉండాను అని చెప్పిందే' అనింది. ఒక్కో తారీఖుకీ అదే మాట. 'లోపల ఇంకా ఏముందో చూడప్పా, నంబరు నీకు తెలిసింది గదా' అనింది. రోల్ నంబరు మెసేజులోనే ఉండాది. నా ఫోన్లో తెరిచినాను. లోపల కూడా ఏడే. దాని కింద వచ్చే ఏడాదికి హాస్టల్ కావల్లా వద్దా అని అడుగుతా ఉండాది. చదివి చెప్పినాను. 'వద్దు అని నొక్కు' అనింది. 'పాపని ఒక మాట అడుగుదాం అక్కా' అన్నాను. 'అది నన్ను అడిగి పోయిందా?' అనింది. నాకూ ఇద్దరు ఆడపిల్లలు ఉండారు నమితమ్మా. నొక్కేసినాను. పరీక్షలైనాక తనే చెప్పుకుంటానని, అంతవరకు నన్ను నోరు తెరవొద్దనింది."

ఫోన్ పెట్టేసినాను. ఇంద్రాణి వైపు తిరగలేకపోయినాను.

మా హాస్టల్లో నెలకి మూడు అవుటింగులు. గేటుకాడ చిన్న మెషీన్ ఉంటాది, రోల్ నంబరూ పిన్నూ కొడితే పచ్చ టిక్కు వస్తాది, వాచ్‌మన్ గుర్రప్ప పచ్చ టిక్కు చూస్తాడు గానీ మొహం చూడడు. నావి మొదటి వారంలోనే అయిపోతాయి. ఇంద్రాణి యాడికీ పోదు, ఆమెవి ఊరికే మిగిలిపోతాయి. వేస్టు గదా అని నేను వాడుకునేదాన్ని. బస్టాండు కాడ బజ్జీలకి ఐదుసార్లు. ఫోన్ గ్లాసు వేయించేదానికి ఒకసారి. ఒకసారి, ఆ ఫ్లెక్సు ప్రింట్ చేయించేదానికి.

ఇంట్లో వాళ్ళకి మెసేజ్ పోతాదని నాకు తెలుసు. మా నాన్నకీ పోతాది, ఆయన చూడనే చూడడు. ఎవురూ చూడరనుకున్నాను.

"మొదటిసారి అడిగినావు. సరే అన్నాను," అనింది ఇంద్రాణి. ఏడవలేదు, అరవలేదు. "మిగతా ఆరు అడగలేదు."

"నీవి ఊరికే పోతా ఉండాయి గదా అని..."

"మా అమ్మ రోజూ ఆరు గంటలకి ఫోన్ చేస్తాది. 'యాడ ఉండావు పాపా' అంటాది. రూములో ఉండాను అంటాను. నిజంగా రూములోనే ఉండాను, నమితా. చదువుకుంటా ఉండాను. ఆమె ఏడుసార్లు నన్ను అబద్ధాలకోరు అనుకోనుంటాది. నిన్న నా తల మీద చెయ్యి పెట్టింది చూసినావా? అప్పటికే నన్ను చదువు మాన్పించేయల్లనుకుంది."

నాకు అప్పుడైనా బుద్ధి రావల్ల. రాలేదు. నా బుర్ర ఇంకా నన్ను తప్పించే దారే వెతుకుతా ఉండాది. హాస్టల్ రూల్స్ నాకు తెలుసు. వేరేవాళ్ళ పిన్ వాడితే క్లబ్ పోతాది, ఇంటికి లెటర్ పోతాది.

"ఇట్ల రాద్దాం," అన్నాను. "అమ్మ ఏదో చూస్తా చూస్తా తెలీక నొక్కేసింది అని. పిన్ చీటీలో ఉండింది, అంగట్లో అన్న చదివినాడు. ఎవురు, ఎట్ల, ఎందుకు, మూడూ ఉండాయి గదా. అబద్ధం కూడా ఎక్కువ లేదు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. కేశవ్ బుక్కుని నేను చూసిన మాదిరి.

"రాయి," అనింది.

రాసినాను. ఇంగ్లీషులో, బాగా. ఆమె చదివి, సంతకం పెట్టి, మడిచింది. మధ్యాన్నం మేడం మీటింగ్‌లో ఉండింది. తలుపు బయట నిలబడి నిలబడి కాళ్ళు లాగినాయి. లక్ష్మీప్రియ కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది, ఒళ్ళో ఫీజు ఫారం పెట్టుకోని. మూడున్నరకి లోపలికి పిలిచినారు.

మేడం లెటర్ చదివింది. "మీ అమ్మ తెలీక నొక్కించిందా?" అనింది. ఇంద్రాణి ఏమీ అనలేదు. మేడం ఫోన్ తీసింది. ఇట్ల చేస్తాదని నేను అనుకోలేదు. నంబరు కొట్టి, స్పీకర్ పెట్టి, బల్ల మీద పెట్టింది.

అవతల తోట శబ్దం, నీళ్ళ మోటారు. "అలో?"

"మారియమ్మా, నేను హాస్టల్ వార్డెన్‌ని. మీరు ఆదివారం తెలీకుండా హాస్టల్ వద్దని నొక్కించినారంట, నిజమేనా?"

"తెలీకుండా కాదు మేడం." మోటారు శబ్దం దూరమైంది, ఆమె పక్కకి నడిచినట్లుంది. "తెలిసే నొక్కించినాను. మీ దగ్గర పెట్టి చదివిస్తే ఏడుసార్లు బయటికి పోయింది, నాకు రూములో ఉండాను అని చెప్పింది. రేపు ఏదన్నా అయితే నేను ఎవుర్ని అడగల్ల? పూలు కోసుకోని బతకనీండి నా కండ్ల ముందర."

మేడం కళ్ళద్దాలు తీసింది. "ఏమ్మా ఇంద్రాణీ?"

"నేను పోలేదు మేడం."

"నీ పిన్‌తో గేటు దాటినారు గదా. నువ్వు కాకుంటే ఎవురు పోయినారు?"

ఇంద్రాణి నా వైపు చూడలేదు. చెప్పేసి ఉండొచ్చు, ఒక్క మాట, నా పేరు. చెప్పలేదు. గోడ గడియారం వైపు చూస్తా నిలబడింది. మూడు ముప్పై ఎనిమిది. ఫోన్లో మారియమ్మ కూడా ఎదురు చూస్తా ఉండాది, ఊపిరి వినపడతా ఉండాది.

"నేనే పోయినాను," అన్నాను.

"ఎవురది మాట్లాడేది?" అనింది ఫోను.

"నేనమ్మా. నమితని. ఇంద్రాణి పిన్ కొట్టి ఏడుసార్లూ నేనే పోయినాను. ఆమెకి ఒక్కసారే తెలుసు. ఆమె నీకు చెప్పిందంతా నిజమే అమ్మా, రూములోనే ఉండాది, చదువుకుంటా ఉండాది."

"నిన్న నా పక్కన కూర్చోని అన్నం తిన్న పాపవా?"

"అవునమ్మా."

"నాకు పులుసు వడ్డించినావే."

ఆమె తిట్టుంటే బాగుండు.

"ఇంద్రాణీ," అనింది. "ఉండావా పాపా?"

"ఉండాను మా."

"యాడ ఉండావు?"

"వార్డెన్ మేడం రూములో మా."

"సరే," అనింది మారియమ్మ. "సరే పాపా. ఆడనే ఉండు. మేడం, ఆ వద్దు అనేది తీసేయండి."

మేడం నా లెటర్‌ని రెండు ముక్కలు చేసి, తెల్ల కాగితం నా ముందర పెట్టింది. "ఈసారి తెలుగులో రాయి. పొట్టిగా." రాసినాను. ఎవురు కొట్టినారు, పిన్ ఎట్ల తెలిసింది, ఎందుకు. మూడిట్లోనూ నా పేరు వచ్చింది. మూడు యాభై రెండుకి మేడం కంప్యూటర్‌లో ఇంద్రాణి పేరు పక్కన 'వద్దు' పోయి 'కావల్ల' వచ్చింది. తర్వాత నా సంగతి. ఈ ఏడాదంతా అవుటింగు లేదు, నాన్నకి లెటర్, సైబర్ క్లబ్ నుంచి తీసివేత.

"ఫ్లెక్సు ఇప్పేయల్లా మేడం?"

"ఎందుకు? దాంట్లో రాసింది కరెక్టే గదా. ఫోటో మాత్రం తీసేయి."

బయటికొస్తే లక్ష్మీప్రియ లేచి నిలబడింది. మా మొహాలు చూసి ఫారం మడిచేసింది. నేను సారీ చెప్పినాను. కేశవ్‌కి కూడా చెప్పమన్నాను. "నువ్వే చెప్పు," అనింది. "క్యాంటీన్‌లో, అంతే గట్టిగా." న్యాయమే.

రూముకి వచ్చేసరికి ఐదు. ఇంద్రాణి కత్తెర తీసుకోని జిప్పు కాడి దారం కత్తిరించి, చీటీ నా మంచం మీద పెట్టింది. మేడం ఆమెని రూము మారతావా అని అడిగింది, వద్దనింది. ఎందుకు వద్దనిందో నాకు తెలీదు. అడిగే ధైర్యం లేదు.

ఫోను తీసి తన మంచం మీద కూర్చుంది. "కొత్త పిన్ పెట్టల్ల," అనింది.

"కష్టమైనది పెట్టుకో, పుట్టిన తేదీ వద్దు, వరస అంకెలు..." నోటికి అలవాటు, వచ్చేస్తా ఉండాది, మింగేసినాను.

"అటు తిరుగు."

గోడ వైపు తిరిగినాను. టక్కులు వినపడినాయి, ఆరు. ఆగింది. మళ్ళీ ఆరు. నాకు తెలీకుండానే లెక్కపెట్టేసినాను. వెనకాల ఆమె ఫోన్ మోగింది, ఆరు గంటలు కూడా కాలేదు ఇంకా.

"ఆ మా. రూములోనే ఉండాను," అనింది ఇంద్రాణి. "ఊ. ఆమె కూడా ఈడనే ఉండాది."

ఫోన్ పెట్టేసినాక పుస్తకం తెరిచిన శబ్దం వచ్చింది. ఇంక తిరుగు అంటాదేమో అని నేను గోడ చూస్తా అట్లనే కూర్చోనుండాను.